ఎర్రగుడ్డ దాకా

వానపాములకు ఆసుపత్రి వేళలతో పనిలేదు. రాత్రి నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, తెల్లారేసరికి పచ్చిక నిండా జానెడుకొకటి చొప్పున మట్టి కుప్పలు పెట్టేసి, ఏమీ ఎరగనట్టు కిందికి దిగిపోతాయి. గోరంత కుప్ప. మెలికలు తిరిగి, నల్లగా, మెత్తగా ఉంటుంది. ఎండ తగిలి ఆరిందంటే చీపురు అంచుకే పొడైపోయి గడ్డిలో కలుస్తుంది. తడిగా ఉండగా తొక్కితే మాత్రం సబ్బుముక్క మీద కాలేసినట్టే.

ఆ సంగతి తోటక్కకు తెలుసు. ఆసుపత్రిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. కాళ్ళు విరిగినవాళ్ళకూ, పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్ళకూ మళ్ళీ నడక నేర్పే ఆసుపత్రి అది. రోజూ పొద్దున ఆరున్నరకు రోగులను ఒట్టికాళ్ళతో పచ్చిక మీద నడిపిస్తారు. "ఎనిమిది దాకా ఆగండి సార్, తడి ఆరితే నేను ఊడ్చేస్తాను" అని మేనేజరుకు ఎన్నిసార్లు మొరపెట్టుకుందో ఆమెకే లెక్కలేదు. ఆయన ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం మాత్రం ప్రతిసారీ జరిగింది.

బుధవారం పొద్దున దర్జీ పెద్దాయన జారిపడ్డాడు.

తుంటి ఎముక అతికాక చేతికర్ర లేకుండా పదడుగులు వేయడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. పదకొండోది మట్టి కుప్ప మీద పడింది. అదృష్టం బాగుండి ఏమీ విరగలేదు. కానీ లేపి కుర్చీలో కూర్చోబెట్టాక, చేతికర్రను రెండు చేతులతో గుండెకు హత్తుకొని, "ఇక నా వల్ల కాదు తల్లీ" అన్నాడు. జీవితమంతా మిషను తొక్కిన మనిషి, తన పాదాల వంక పరాయివాళ్ళ వస్తువును చూసినట్టు చూశాడు.

మేనేజరు వచ్చాడు. బూట్లలో మొహం చూసుకోవచ్చు, అంత తళతళలాడతాయి. రోగులు చాటుగా బూట్లాయన అంటారు. సిమెంటు బాట దిగి గడ్డి మీద కాలుపెట్టగా ఇంతవరకు ఎవరూ చూడలేదు. బాట మీదే నిలబడి కేకలేశాడు.

"ఈ పురుగుల సంగతి నువ్వు కాక ఇంకెవరు చూస్తారు? నేనొచ్చి చూడాలా?"

"పురుగులు కావు సార్, వానపాములు. వాటివల్లే గడ్డి ఇంత పచ్చగా ఉంది. కాస్త పొద్దెక్కాక నడిపిస్తే…"

"నాకు పాఠాలు చెప్పకు. రేపు స్టోరు నుంచి మందు తీసుకొని మొత్తం చల్లేయ్. సోమవారం దాకా ఎవరినీ ఇటు రానివ్వం. శనివారం ట్రస్టువాళ్ళు వస్తున్నారు. ఒక్క కుప్ప కనబడిందో, ఆ వెనక గది ఖాళీ చేసి సామాను సర్దుకోవడమే."

వెనక గదంటే లాండ్రీ పక్కనున్న గది. తోటపని చేసేవాళ్ళకే ఇస్తారు. ఆమె, లాండ్రీలో దుప్పట్లు ఉతికే భర్త, మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేని అత్త, ముగ్గురూ అందులోనే ఉంటారు. ఆమెకు ముందు ఆ తోటపని అత్తదే. ఆ గది పోతే అత్తను ఎక్కడికని మోసుకెళ్ళాలి?

"అలాగే సార్" అంది.

గురువారం స్టోరు కిటికీ దగ్గర నిలబడింది. స్టోరు చూసే ముసలాయన నడుముకు తాళాల గుత్తి గలగలలాడుతూ ఉంటుంది కాబట్టి తాళాల తాత అయ్యాడు. రెండు కిలోల సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. సంచి మీద ఎర్రగా పుర్రె బొమ్మ. విషాల రిజిస్టరు తెరిచి, మేనేజరు సంతకం ఉన్న చోట వేలుపెట్టి చూపించి, ఆమె చేత కింద సంతకం చేయించాడు.

"సాయంత్రానికి ఖాళీ సంచి నాకు తెచ్చివ్వాలి. అదిగో, ఆ మేకుకు తగిలిస్తాను. సంచి రాలేదో, వాళ్ళు ముందు నా పీక పట్టుకుంటారు, తర్వాత నీది."

సంచిని బిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఎత్తుకొని, నడుస్తూ దాని వెనక చిన్నక్షరాలు చదివింది. చల్లిన చోట మనుషులు గాని పశువులు గాని వారం రోజులు అడుగు పెట్టకూడదని ఉంది. దారి మళ్ళి మేనేజరు గది గుమ్మంలో నిలబడింది.

"సార్, దీని మీద వారం అని రాసుంది. మీరు సోమవారం అన్నారు."

ఆయన ఫోను మీంచి తల ఎత్తలేదు. "చిన్నక్షరాలన్నీ చదువుతూ కూర్చుంటే పనులవుతాయా? వెళ్ళు."

మధ్యాహ్నం చేతితొడుగులు వేసుకొని సంచి మూల కత్తిరించింది. సున్నంలా తెల్లటి పొడి. ఘాటు ముక్కులోంచి నేరుగా నడినెత్తికెక్కింది. చుట్టూ నాలుగైదు గోరింకలు చేరాయి. ఆమె గడ్డపలుగు పట్టుకుంటే తిండి దొరుకుతుందని వాటికి అలవాటు. ఆమె పచ్చిక అంచున అలాగే నిలబడిపోయింది. ఈ నేల మీద నడిచేవాళ్ళలో సగంమందికి పాదాల్లో స్పర్శ లేదు. గాజుపెంకు గుచ్చుకున్నా, నెత్తురు కనిపిస్తే గాని వాళ్ళకు తెలియదు. కింద విషం ఉండి కాలు మండితే వాళ్ళకెవరు చెప్తారు? చల్లడానికి పిడికిలి నింపుకుంది. రెండుసార్లు చెయ్యి ఎత్తింది. రెండుసార్లూ పొడిని మళ్ళీ సంచిలోనే వేసింది.

చూస్తుండగానే పొద్దు వాలింది. తాత స్టోరు మూసే వేళయింది. ఖాళీ సంచి కావాలి.

తోట సామాను గదిలో రెండు రేకు డబ్బాలు ఉన్నాయి, కవల పిల్లల్లా ఒకేలాంటివి. ఒకదాంట్లో చెట్ల మొదళ్ళకు పూసే సున్నం పొడి. రెండోది ఖాళీ. పొడినంతా ఆ ఖాళీ డబ్బాలోకి వంచి, సంచిని తట్టితట్టి దులిపి, మూత బిగించింది. పాత చీర నుంచి ఎర్రటి గుడ్డపేలిక చింపి డబ్బా పిడికి ముడివేసింది. చెయ్యి అందే ఎత్తులో ఉండకూడదని స్టూలు ఎక్కి పై అరలో పెట్టింది. ఈ గదిలోకి తను తప్ప ఎవరొస్తారు గనక!

"చల్లేశావా?" తాత అడిగాడు.

"ఆఁ" అంది. తాత ఖాళీ సంచిని మేకుకు తగిలించి, రిజిస్టరులో 'చల్లడమైనది' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఆమె చేసిన సంతకం ఆమెకే వంకరగా కనబడింది.

ఇంటికొచ్చాక అత్త ఊరుకోలేదు. "అన్నంలో ఏం వెతుకుతున్నావే? ముద్ద కలిపి అరగంటయింది" అంది మంచం మీంచి. తోటక్క గొంతు తగ్గించి మొత్తం చెప్పింది. అత్త ముందు తల బాదుకుంది. తర్వాత, పాత ఉద్యోగం గుర్తొచ్చినట్టు లేచి కూర్చుంది.

"చంపకుండా ఖాళీ చేయించాలంతేగా? ఆవపిండి నీళ్ళు పొయ్యి. ఒంటికి మంటెత్తి వాటంతటవే పైకొస్తాయి. ఏరి మంచినీళ్ళలో ముంచి పూలమళ్ళలో వదిలెయ్. బాట పక్కన, ఆయన కళ్ళు పడేంత మేర చేస్తే చాలు. ఆ బూట్లాయన గడ్డిలో దిగి లెక్కపెడతాడా ఏంటి?"

"మరి ఆ డబ్బా అత్తా?"

"పాతిపెట్టు."

"మంచినీళ్ళ గొట్టం వెళ్ళేదే తోట కింద. కాలువలో పొయ్యలేను. తాతకు తిరిగిద్దామంటే దొరికిపోతాను."

"సోమవారం దాకా ఎవరూ అటు రారుగా. నిదానంగా ఆలోచిద్దాం" అంది అత్త. అన్నదే గాని ఇద్దరూ ముద్ద దిగక మెతుకులు కెలుకుతూ కూర్చున్నారు.

శుక్రవారమంతా తోటక్క మోకాళ్ళ మీదే ఉంది. బకెట్టులో ఆవపిండి కలపడం, చదరం చదరంగా పోయడం, వంద అంకెలు లెక్కపెట్టడం. అప్పుడు గడ్డి మొదళ్ళు కదులుతాయి. గులాబీ రంగు ముక్కు ఒకటి బయటికొచ్చి, తడుముకొని, ఒళ్ళంతా సాగదీసి బయటపడుతుంది. వాటిని రెండు వేళ్ళతో నొప్పి కలగకుండా పట్టుకొని నీళ్ళ గిన్నెలో వేసేది. గిన్నె నిండగానే కొంగు కప్పి, దొంగసొత్తు మోసినట్టు అటూ ఇటూ చూసుకుంటూ పూలమళ్ళ దాకా మోసేది. ఎక్కడ తలుపు చప్పుడైనా పై ప్రాణాలు పైనే పోయేవి. సామాను గది వైపు ఎవరైనా నడిస్తే చాలు, పని వదిలి లేచి నిలబడేది. నాలుగుసార్లు వెళ్ళి చూసుకుంది. పై అరలో ఎర్రగుడ్డ ఉంది. మూత బిగుతుగానే ఉంది.

సాయంత్రం బూట్లాయన బాట మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు.

"చూశావా? మందంటే అదీ. ఒక్కటి లేదు."

ఆమె చేతిలోని బకెట్టును వెనక్కి దాచుకుంది. ఆవపిండి వాసన ఆయనకు తగులుతుందేమోనని ఊపిరి బిగబట్టింది.

"రేపు తొమ్మిదింటికి గేటు దగ్గర పూలకుండీలు సర్దు. పదింటికి వస్తారు వాళ్ళు" అని వెళ్ళిపోయాడు.

శనివారం గేటు దగ్గర పదిహేను కుండీలు సర్దింది. ఎండుటాకులు గిల్లింది. రెండు కుండీల్లో మట్టి తగ్గిందని, తాపీ తెచ్చుకుందామని వెనక్కి తిరిగి వచ్చింది. లాండ్రీ మలుపు తిరగగానే పచ్చిక మీద జనం కనబడ్డారు.

కుర్చీలు వేసి ఉన్నాయి. రోగులు అయిదారుగురు ఒట్టికాళ్ళతో కూర్చుని ఉన్నారు. పచ్చిక మధ్యలో రెండు తెల్లటి గీతలు, రోడ్డు మీద గీసినంత తిన్నగా, పదిహేను గజాల పొడవున. ఆ గీతల చివర నేలలో గుచ్చిన కర్ర. కర్రకు ఎర్రగుడ్డ. చిన్న గాలికి రెపరెపలాడుతోంది.

తోటక్కకు అది తన చీర పేలికేనని తెలియడానికి రెండోసారి చూడక్కర్లేకపోయింది.

"ఎర్రగుడ్డ దాకా నడవాలి బాబాయ్, అంతే!" నడకమ్మ గొంతు హుషారుగా వినబడుతోంది. నడక నేర్పే ఆ అమ్మాయిని అందరూ అలాగే పిలుస్తారు. "గీతల మధ్యలోంచి. తొణకొద్దు, బెణకొద్దు. ట్రస్టువాళ్ళ ముందు నడిచేది మీరే."

దర్జీ పెద్దాయన లేచి నిలబడ్డాడు. చేతికర్రను కుర్చీకి ఆనించాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి.

తోటక్క ఉన్నచోటే ఆగిపోయింది. అరవాలి. అరిస్తే ఎందుకంటారు. ఎందుకో చెప్తే రిజిస్టరు తీస్తారు. గది పోతుంది. అత్త మంచం, మంచం కింద ట్రంకు పెట్టె, దండెం మీద భర్త చొక్కా, అన్నీ ఒక్కసారి రోడ్డు మీద కనబడ్డాయి. ఏమో, సున్నమేనేమో. రెండు డబ్బాల్లో ఒకటి సున్నమేగా. అయి ఉండొచ్చుగా.

పెద్దాయన ఒక అడుగు వేశాడు. రెండో అడుగు. ఎడమకాలు ఈడ్చుకుంటూ గీత అంచును తాకింది. మూడు. వేళ్ళ సందుల్లో తెల్లగా అంటింది. ఆయనకు తెలియలేదు, ఎర్రగుడ్డనే చూస్తున్నాడు. నాలుగు.

"ఆగండి! బాబాయ్, ఆగండి! కదలొద్దు!"

ఆ అరుపు తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు పరుగెత్తుతుంటే తెలిసింది. పెద్దాయనను చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. "కుర్చీ తెండి! నీళ్ళ గొట్టం తెండి! గీతల మీద ఎవరూ కాలు పెట్టకండి!"

కుర్చీలో కూర్చోబెట్టి ఆయన పాదాలు ఒళ్ళోకి తీసుకుంది. సబ్బు పట్టించింది. ఒక్కో వేలు సందు విడదీసి కడిగింది. కడుగుతూనే చెప్పేసింది. గురువారం మందు చల్లలేదని, రిజిస్టరులో మాత్రం చల్లినట్టు రాయించానని. ఆ డబ్బాలో పోశానని. దానికి గుర్తుగా కట్టిందే ఆ ఎర్రగుడ్డ అని.

నడకమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "గీతలకు సున్నం కావాలని రెండు డబ్బాలూ దించానక్కా. గుడ్డ బాగుందని విప్పాను. రెండూ తెరిచాను, జలుబుతో వాసన కూడా తెలియలేదు, రెండూ తెల్లగానే ఉన్నాయి. ఏదో ఒకదాంట్లోంచి పోశాను. ఏదో… ఏదో గుర్తులేదక్కా."

బూట్లాయన బాట మీదికి వచ్చాడు. ఎవరో చెప్పారు. ఆయన మొహం కందగడ్డలా అయింది.

"చల్లలేదా? చల్లానని సంతకం పెట్టి, చల్లలేదా? ఎంత ధైర్యం నీకు! ఇప్పుడే, ఈ క్షణమే గది…"

"ఒక్కమాట సార్" అన్నాడు దర్జీ పెద్దాయన. తడి పాదాలు ఇంకా తోటక్క ఒళ్ళోనే ఉన్నాయి. జాకెట్టు కొలత అడిగినంత నెమ్మదిగా అడిగాడు. "గురువారం ఇక్కడ విషం చల్లించారని మీరనుకుంటున్నారు. రిజిస్టరులో రాసి కూడా పెట్టించారు. మరి ఇవాళ ఒట్టికాళ్ళతో మమ్మల్ని ఇక్కడికి తెమ్మన్నదెవరు?"

నడకమ్మ తల దించుకొని, "సార్ పొద్దున ఫోను చేసి చెప్పారు" అంది. "సోమవారం దాకా ఆగక్కర్లేదు, ట్రస్టువాళ్ళు నడక చూస్తామన్నారని. మందు సంగతి నాకెవరూ చెప్పలేదు."

రోగులందరూ తమ పాదాల వంక చూసుకున్నారు. తర్వాత ఒకరొకరుగా బూట్ల వంక చూశారు. బూట్లాయన మెడ చుట్టూ కాలరు సడలించుకున్నాడు. ఏం మాట్లాడినా తప్పు తన సంతకం దగ్గరికే వచ్చి ఆగుతోందని ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆమె చల్లి ఉంటే, ఈ ఆరుగురూ రెండు రోజుల నాటి విషం మీద కూర్చున్నారు. తను కూర్చోబెట్టాడు.

"నువ్వు… నువ్వు నిజంగా చల్లలేదు కదా?" గొంతు మారిపోయింది. "చెప్పమ్మా. పిడికెడు కూడా చల్లలేదు కదా?"

ఆయన నోట అమ్మా అన్న మాట తోటక్క మొదటిసారి విన్నది. ఆమెకు సంతోషం కలగలేదు. ఆమె కళ్ళు గీతల మీదే ఉన్నాయి.

"చల్లలేదు సార్. కానీ గీతలు దేనితో గీశారో తెలియాలి. గాలికి పరిచిన పొడి వాసనతో తేలదు. తూకం వేద్దాం."

తాళాల తాత స్టోరులోని పాత తక్కెడను పచ్చిక అంచుకే తెచ్చాడు. సగం ఖాళీ అయిన డబ్బా, నిండుగా ఉన్న డబ్బా అని కంటితో తేల్చడానికి లేదు, రెండింట్లోనూ ఇంచుమించు సమంగానే ఉంది పొడి. వాసన చూసే సాహసం ఇంకెవరూ చేయలేదు. తోటక్క తన ముక్కుకు గుడ్డ కట్టుకొని, చేతితొడుగులు వేసుకొని, మూతలు తీసింది. ఘాటు కొట్టిన డబ్బాను పక్కకు పెట్టింది. అదీ విషం. దాంట్లో రెండు కిలోలూ ఉన్నాయా, తగ్గాయా, తేలాల్సింది అంతే.

రెండో డబ్బాలోని సున్నాన్ని గోనెపట్టా మీదికి దులిపి, ఖాళీ డబ్బాకు మూతపెట్టి ఒక పళ్ళెంలో ఉంచింది. దాని పక్కన తాత రెండు కిలోల రాయి పెట్టాడు. ఇవతలి పళ్ళెంలో విషం డబ్బా పెట్టారు.

తక్కెడ ఊగింది. అందరి తలలూ దాంతోపాటు ఊగాయి. చివరికి విషం డబ్బా ఉన్న పళ్ళెం పైకి లేచి నిలబడింది. వేలెడంత ఎత్తు. తగ్గింది.

తోటక్క కళ్ళు మూసుకుంది. ఇంత కడిగినా వేళ్ళ సందుల్లో ఏమైనా మిగిలిందేమో. గోళ్ళ కింద. నాలుగడుగులు చూస్తూ నిలబడ్డాను, నాలుగు! వెనక ఎక్కడో బూట్లాయన కుర్చీలో కూలబడిన చప్పుడైంది.

"ఉండుండు" అన్నాడు తాత. "దీని మూతేదే?"

మూత ఆమె ఎడమచేతిలోనే ఉంది. ఘాటు చూడటానికి తీసింది, బిగించడం మరిచిపోయింది. తాత దాన్ని తీసుకొని డబ్బా మీద మెల్లగా పెట్టాడు. పళ్ళెం దిగింది. ఇంకా దిగింది. ముల్లు మధ్యకొచ్చి, కాసేపు వణికి, నిలబడిపోయింది.

"సరిగ్గా రెండు కిలోలు" అన్నాడు తాత. "గీతలు సున్నమే."

నడకమ్మ అక్కడే గడ్డి మీద కూర్చొని ఏడ్చేసింది. తాత రిజిస్టరు తెచ్చి 'చల్లడమైనది' అన్న మాటను ఒకే గీతతో కొట్టేసి, పక్కన 'చల్లలేదు, తిరిగి అందినది' అని రాశాడు. దాని కింద మేనేజరు సంతకం పెట్టాడు. పదింటికి వచ్చిన ట్రస్టువాళ్ళకు ఆ రోజు గేటు దగ్గరి పూలకుండీలే చూపించి పంపారు. గది సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే ఎందుకు ఖాళీ చేయించారో కాగితం మీద రాయాల్సి వస్తుంది.

ఆదివారం రాత్రి వాన పడింది. సోమవారం పొద్దున పచ్చిక నిండా మట్టి కుప్పలు. సామాను గది తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది. రోగుల నడక ఇకపై ఎనిమిది గంటలకు, తడి ఆరి, ఊడ్చిన తరువాతే. కింద మేనేజరు సంతకం. ఆ సంగతి అత్తకు చెప్తే, "నీ మాటకు ఆయన సంతకం! పోన్లే, మాట మంచిదేగా" అని మూతి తిప్పింది.

ఎనిమిదింటికి తోటక్క పొడుగు చీపురుతో ఊడ్చుకుంటూ ముందు నడిచింది. ఆరిన కుప్పలు పొడి పొడిగా గడ్డిలోకి రాలాయి. గోరింకలు వెంటపడ్డాయి. చివరి దాకా ఊడ్చి వెనక్కి తిరిగేసరికి దర్జీ పెద్దాయన కుర్చీలోంచి లేచి ఉన్నాడు. చేతికర్ర కుర్చీ దగ్గరే ఉంది. నడకమ్మను వద్దని, "తోటక్క పట్టుకుంటుంది" అన్నాడు.

ఆమె వచ్చి ఆయన మోచేయి పట్టుకుంది. నడుస్తుంటే గొంతులోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"బాబాయ్, మొన్న మిమ్మల్ని చూస్తూ కూడా నాలుగడుగుల దాకా నేను నోరెత్తలేదు. గది పోతుందని. నాలుగడుగులు లెక్కపెడుతూ నిలబడ్డాను."

పెద్దాయన పాదం ఆనించి, నేల గట్టిగా ఉందని తెలుసుకొని, అప్పుడు రెండోది వేశాడు.

"అయిదోది వెయ్యనివ్వలేదుగా తల్లీ" అన్నాడు.

తోటక్కకు ఎదుట గడ్డి అలుక్కుపోయింది. మొన్నటి నుంచి బిగబట్టుకున్న వణుకంతా ఇప్పుడు చేతుల్లోకి వచ్చింది. పెద్దాయన ఆగి, ఆమె చేతిని తన మోచేతి మీంచి తీసి, తన చేతితోనే గట్టిగా పట్టుకున్నాడు.

"నెమ్మదిగా రా" అన్నాడు. "పడిపోతావు."

ఇద్దరూ పచ్చిక చివరి దాకా నడిచారు.